రాణీగంజ్ టాలీ సర్వర్ కేసు: ఒక లాగిన్‌కి అందిందంతా లాకైపోయింది

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగులు, పంపుసెట్లు, వాటి విడిభాగాలు టోకున అమ్మే సంస్థ. షాపులో ఏడు కంప్యూటర్లు, జీడిమెట్ల గోడౌన్‌లో రెండు. ఆగస్టు చివర్లో ఒక సోమవారం పొద్దున షట్టర్ తీసి కంప్యూటర్లు ఆన్ చేస్తే లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్‌లో కంపెనీల జాబితా ఖాళీగా వచ్చింది. డేటా ఫోల్డర్ తెరిచి చూస్తే ప్రతి ఫైలు పేరు వెనక ఒక ఐడీ నంబరు, బ్రాకెట్లలో ఒక ఈమెయిల్ అడ్రసు, ఎన్నడూ చూడని ఎక్స్‌టెన్షన్. డెస్క్‌టాప్ మీద డబ్బులు అడుగుతూ ఒక టెక్స్ట్ ఫైలు.

ఈ సంస్థ నమూనా మాత్రమే. నగరంలో చిన్న వ్యాపారాల మీద జరిగే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడులు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. ఆ దారిలో ఎదురయ్యే వివరాలన్నీ ఒక చోటికి చేర్చి ఈ కేసు రాశాం. మాల్వేర్ (హానికర ప్రోగ్రాం) ఎంత కొత్తది, యాంటీవైరస్ ఏ కంపెనీది అన్నవి ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాలేదు. అది ఏ యూజర్ పేరు మీద నడిచింది, ఆ యూజర్‌కి ఎక్కడెక్కడ రాసే హక్కు ఉంది అన్నదాన్ని బట్టే నష్టం తేలింది.

దాడికి ముందు అమరిక

అందరూ సర్వర్ అని పిలిచేది నిజానికి అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. విండోస్ 10 ప్రొ, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ ప్రొలో ఒకసారికి ఒక్కరే రిమోట్‌గా పని చేయగలరు. గోడౌన్ నుంచి ఇద్దరు, ఇంటి నుంచి అకౌంటెంట్ ఒకేసారి రావాలి కాబట్టి ఆ పరిమితిని దాటించే ర్యాపర్ టూల్ ఒకటి వేయించారు. లైసెన్సు ఉల్లంఘన సంగతి అలా ఉంచితే, దానివల్ల రెండు పనులు చెడ్డాయి. విండోస్ అప్‌డేట్ వచ్చి రిమోట్ పనిని నడిపే టెర్మినల్ సర్వీస్ ఫైలు మారినప్పుడల్లా ర్యాపర్ ఆగిపోతోందని అప్‌డేట్లు మొత్తంగా ఆపేశారు. ర్యాపర్‌ని విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ హానికర టూల్‌గా పట్టుకుంటోందని దాన్ని మినహాయింపు జాబితాలో పెట్టారు. ఆ ఒక్క ఫోల్డర్‌ని పెట్టి ఊరుకోలేదు, సీ డ్రైవ్ మొత్తాన్నీ పెట్టేశారు. "యాంటీవైరస్ ఉంది కదా, ఎందుకు పట్టుకోలేదు?" అని యజమాని అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. వెతకొద్దని చెప్పిన చోట అది వెతకలేదు.

గోడౌన్ నుంచి రావడానికి బ్రాడ్‌బ్యాండ్ మీద స్టాటిక్ (మారని) ఐపీ అడ్రసు తీసుకుని, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టారు, అంటే బయట నుంచి వచ్చే కనెక్షన్‌ని నేరుగా సర్వర్‌కి పంపే దారి. రిమోట్ డెస్క్‌టాప్ (ఆర్‌డీపీ) మామూలుగా 3389 పోర్టు మీద నడుస్తుంది. ఎవరో చెబితే బయటివైపు నంబరు 33891కి మార్చి, ఇక భయం లేదనుకున్నారు. ఇంటర్నెట్ అంతా గాలించే స్కానర్లు ఒక్క 3389నే చూడవు. ఏ పోర్టు మీదున్నా ఆర్‌డీపీ మొదటి పలకరింపుకే తన జాడ చెప్పేస్తుంది. నంబరు మారిస్తే లాగుల్లో (కంప్యూటర్ తానే రాసుకునే రికార్డుల్లో) రొద కాస్త తగ్గుతుంది, అంతే.

అందరికీ ఒకటే యూజర్, పేరు టాలీ. పాస్‌వర్డు కూడా ఆ పేరుకి ఒక గుర్తు, మూడంకెలు తగిలించినదే. ఏదో ప్రింటర్ డ్రైవర్ అనుమతి అడుగుతోందని ఎప్పుడో ఆ యూజర్‌ని అడ్మినిస్ట్రేటర్ చేసి, అలాగే వదిలేశారు.

బ్యాకప్‌లు కాగితం మీద మూడున్నాయి. సర్వర్‌కి ఎప్పుడూ తగిలించి ఉండే యూఎస్‌బీ డిస్క్ మొదటిది. పాస్‌వర్డు సేవ్ చేసి జెడ్ డ్రైవ్‌గా పెట్టుకున్న నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్క్ పెట్టె) రెండోది. బిల్లింగ్ కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్‌తో సింక్ అయ్యే బిల్లుల పీడీఎఫ్ ఫోల్డర్ మూడోది, అది షాపు లోపలి నెట్‌వర్క్ అయిన లాన్‌లో అందరికీ షేర్ చేసి ఉంది. ఇవి కాక గల్లాపెట్టె పక్క లాకర్లో ఇంకో డిస్క్, నెలకోసారి తీసి కాపీ చేసేది.

శనివారం రాత్రి

వచ్చినవాడు వెళ్లేటప్పుడు సెక్యూరిటీ, సిస్టమ్, అప్లికేషన్ లాగులు తుడిచాడు. తుడిచిన సమయాన్ని మాత్రం విండోసే 1102 ఈవెంట్‌గా రాసి పెడుతుంది. టెర్మినల్ సర్వీసెస్ లాగులు వేరే ఫోల్డర్లలో ఉంటాయి, వాటి జోలికి చాలామంది వెళ్లరు. ఈ కేసు కాలక్రమం దాదాపుగా వాటి నుంచే దొరికింది.

ఆర్‌డీపీ కోర్ లాగులో 131 ఈవెంట్లు, అంటే బయటి ఐపీ నుంచి కొత్త కనెక్షన్లు, పగలూ రాత్రీ ఆగకుండా ఉన్నాయి. పాస్‌వర్డు ఊహించే ప్రయత్నాలవి. లోకల్ సెషన్ మేనేజర్ లాగులో శనివారం రాత్రి 11 దాటాక టాలీ యూజర్ పేరు మీద 21, అంటే లాగిన్ సఫలం, పక్కనే విదేశీ ఐపీ. సెక్యూరిటీ లాగు తుడవకుండా దొరికిన కేసుల్లో విఫలమైన ప్రయత్నాలు 4625గా కనిపిస్తాయి. ఎన్‌ఎల్‌ఏ (సెషన్ తెరవకముందే పాస్‌వర్డు అడిగే రక్షణ) ఆన్‌లో ఉంటే అవి లాగాన్ టైప్ 3 (నెట్‌వర్క్ లాగిన్)గా నమోదవుతాయి, కాబట్టి టైప్ 10 (రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్) కోసమే వెతికితే ఏమీ కనబడదు. పైగా సెక్యూరిటీ లాగు డిఫాల్ట్ సైజు 20 ఎంబీ. ఈ స్థాయిలో దాడి జరుగుతుంటే పాత రికార్డులు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి.

లోపలికి వచ్చాక ఏం చేశాడన్నది ఏ ప్రోగ్రాం ఎప్పుడు నడిచిందో నమోదయ్యే ప్రీఫెచ్ ఫోల్డర్ చెప్పింది. విండోస్ సర్వర్ ఎడిషన్లలో ప్రీఫెచ్ డిఫాల్ట్‌గా ఆగి ఉంటుంది. ఇక్కడ ఉన్నది డెస్క్‌టాప్ విండోస్ కావడం ఈ ఒక్క విషయంలో కలిసొచ్చింది. ముందు నెట్‌వర్క్ స్కానర్, తర్వాత ప్రాసెస్‌లు చంపే టూల్, ఆపైన షాడో కాపీలు (విండోస్ దాచే పాత వెర్షన్లు) చెరిపే వీఎస్‌ఎస్ అడ్మిన్, చివరికి రాన్సమ్‌వేర్. ప్రాసెస్‌లు ఎందుకు చంపాలి? టాలీ గానీ ఎస్‌క్యూఎల్ గానీ తెరిచి పట్టుకున్న ఫైలుని మాల్వేర్ తిరగరాయలేదు, అందుకు. స్కానర్ నడిపింది షేర్ ఫోల్డర్ల కోసం. జెడ్ డ్రైవ్, బిల్లుల ఫోల్డర్, మిగతా కంప్యూటర్లలో అందరికీ పూర్తి హక్కులిచ్చిన షేర్లు వరసగా లాకయ్యాయి. మిగతా కంప్యూటర్లలో మాల్వేర్ ఫైలంటూ ఒక్కటీ లేదు, అవి సర్వర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా దెబ్బతిన్నాయి. ఆదివారం సెలవు కావడంతో ఎవరూ చూడలేదు. ఇలాంటివాళ్లు శనివారం రాత్రినే ఎంచుకోవడానికి కారణమూ అదే.

సోమవారం మొదటి గంట

లాకర్లోని డిస్క్ అప్పటికి చెక్కుచెదరలేదు. అందులో ఆగస్టు మొదటి వారం కాపీ ఉంది. "బ్యాకప్ ఉందో లేదో ఒకసారి చూద్దాం" అని దాన్ని తెచ్చి అదే సర్వర్‌కి తగిలించారు. ఈ రకం మాల్వేర్ తన కాపీని స్టార్టప్ ఫోల్డర్లోనూ రిజిస్ట్రీ రన్ కీలోనూ పెట్టుకుంటుంది. పొద్దున లాగిన్ కాగానే మళ్లీ లేచింది, కొత్తగా వచ్చిన డిస్క్‌ని కొన్ని నిమిషాల్లో లాక్ చేసింది. కేసు మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన పని ఇదే, అది దాడి చేసినవాడు చేసింది కూడా కాదు. తర్వాత రౌటర్‌ని ఆపి ఆన్ చేశారు. చిన్న రౌటర్లు లాగుల్ని మెమరీలోనే ఉంచుకుంటాయి, అవీ పోయాయి.

చేయాల్సిన క్రమం వేరు. ముందుగా అన్ని కంప్యూటర్ల లాన్ కేబుళ్లు పీకాలి, వైఫై ఆపాలి, నాస్‌ని విడదీయాలి. లాక్ చేయడం ఇంకా నడుస్తోందా లేదా చూడాలి. ఫోల్డర్లో పేర్లు కళ్లముందే మారుతున్నా, డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతున్నా పవర్ కేబుల్ లాగేయడమే మేలు, షట్‌డౌన్ కోసం ఆగకూడదు. పని ముగిసిపోయి ఉంటే ఆపకుండా అలాగే వదిలి, ముందు ర్యామ్ డంప్ (మెమరీలో ఉన్నదాని కాపీ) తీయాలి. మంచి బ్యాకప్ ఏదైనా మిగిలి ఉంటే దాన్ని ఈ నెట్‌వర్క్‌లో లేని, శుభ్రంగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లో మాత్రమే తెరవాలి, అదీ ముందు ఒక నకలు తీసుకున్నాకే.

ఫార్మాట్ చేయించే తొందర ఎలాగూ ఉంటుంది, బిల్లింగ్ ఆగింది కదా. దానికి మార్గం పాత డిస్క్‌ని పక్కన పెట్టి కొత్తది వేయడం. ప్యారడైజ్ పక్కన చెనాయ్ ట్రేడ్ సెంటర్లో 2 టీబీ డిస్క్ అదే పూట దొరుకుతుంది. కంప్యూటర్‌ని లైనక్స్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, పాత డిస్క్‌ని రీడ్ ఓన్లీగా ఉంచి ఇమేజ్ (పూర్తి నకలు) తీయాలి. 1 టీబీ డిస్క్‌కి సెకనుకు 100 ఎంబీ వేగం వస్తే సుమారు మూడు గంటలు పడుతుంది. ఇమేజ్‌కి షా-256 హాష్ (డేటా మారితే తానూ మారే గుర్తింపు సంఖ్య) లెక్కించి, తేదీ సమయంతో కాగితం మీద రాసి సంతకం పెట్టించాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్లో హాష్ విలువ అడుగుతారు. తర్వాత లెక్కేద్దామంటే అప్పటికి డిస్క్ మారిపోయి ఉంటుంది.

ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఇవ్వొచ్చు. ఖాతా నుంచి డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గమనించిన 6 గంటల్లోపు దానికి తెలియజేయాలి, లాగులు 180 రోజులు దాచాలి. చిన్న సంస్థలు ఇది తమకు వర్తించదనుకుంటాయి. సంస్థ చిన్నదని మినహాయింపేమీ అందులో లేదు.

డేటా లాక్ చేయడంతోపాటు ఎత్తుకుపోయాడా అన్నది కూడా తేల్చాలి. విండోస్‌లో ఏ ప్రోగ్రాం ఎన్ని బైట్లు పంపిందో రాసిపెట్టే స్రమ్ డేటాబేస్ సుమారు నెల రోజుల లెక్క ఉంచుతుంది. అందులో ఆ రాత్రి పెద్ద అప్‌లోడ్ ఏదీ లేదు. అయినా సర్వర్ బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డులన్నీ పోయినట్టే లెక్క. బ్యాంకు, జీఎస్‌టీ, ఈ-వే బిల్లు, ఈమెయిల్ పాస్‌వర్డులు వేరే కంప్యూటర్ నుంచి ఆ రోజే మార్చారు. యజమాని డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ నెలల తరబడి సర్వర్‌కే గుచ్చి ఉంది. పిన్ ఉందన్న ధైర్యంతో ఊరుకోకుండా ఆ సర్టిఫికెట్‌ని రద్దు చేయించి కొత్తది తీసుకున్నారు.

తాళం తీయగలమా

దీనికి ముందు ఆ రాన్సమ్‌వేర్ ఏ కుటుంబానిది, అంటే ఏ రకానిది అన్నది తెలియాలి. ఫైలు పేరు చివర ఐడీ తర్వాత అడ్డగీత, ఎనిమిది అక్షరాలు, ఆపైన బ్రాకెట్లలో ఈమెయిల్ ఉంటే ధర్మా తరహా. ఐడీ నంబరే బ్రాకెట్లలో ఉండి, మధ్యలో అడ్డగీతతో రెండు భాగాలుగా ఉంటే ఫోబోస్. ఈ తేడా చిన్నదిగా కనిపించినా ఫలితం పెద్దది. ఫోబోస్, దాన్నే వాడే 8బేస్ ముఠా బాధితుల కోసం జపాన్ పోలీసులు 2025 జులైలో తాళం తీసే ఉచిత డీక్రిప్టర్ విడుదల చేశారు. ధర్మా పాత రకాల తాళాలు 2016-17లో బయటపడ్డాయి గానీ, తర్వాతి రకాలకు అవి పనిచేయవు. పైరసీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే స్టాప్ రకానికి లెక్క ఇంకోటి. ఐడీ చివర టీ1 అని ఉంటే అది ఆఫ్‌లైన్ తాళంతో లాకైనట్టు, తాళం దొరికే అవకాశం ఉంటుంది.

ఇక్కడిది ధర్మా కొత్త రకం. ఉచిత డీక్రిప్టర్లు ఉంచే నో మోర్ రాన్సమ్ సైటులో నమూనా ఫైలు పెట్టి చూసినా మార్గం దొరకలేదు. ఈ కుటుంబం సుమారు 1.5 ఎంబీ దాటిన ఫైళ్లను పూర్తిగా కాకుండా ముక్కలుగా పాడుచేస్తుంది. మిగిలిన భాగంలోంచి ఎంతో కొంత లాగొచ్చని రికవరీ వాళ్లు చెప్పే మాటకు ఆధారం ఇదే. పెద్ద ఎస్‌క్యూఎల్ బ్యాకప్ అయితే ప్రయత్నించడంలో అర్థముంది. టాలీ డేటాలో ఫైలు తల భాగం పోయాక టాలీ రిపేర్ ఆప్షన్ కంపెనీని గుర్తించనే లేదు. నూటికి నూరు తిరిగి తెస్తామని చెప్పేవాళ్లని ఎలా తెస్తారో రాసివ్వమనాలి. వారిలో కొందరు చేసేది దాడి చేసినవాడికి డబ్బు కట్టి, పైన తమ కమీషన్ వేసుకోవడమే.

లాకైన డిస్క్‌ని పారేయకుండా తేదీ రాసి అటక మీద పెట్టమన్నాం. ఫోబోస్ డీక్రిప్టర్ వచ్చేనాటికి చాలామంది ఆ డిస్కులు ఎప్పుడో ఫార్మాట్ చేసుకున్నారు.

పుస్తకాలు తిరిగి కట్టడం

ఆ లాగిన్‌కి అందని చోట్ల ఏమేం మిగిలాయో వెతకడం ఇక్కడి నుంచి పని. ఆడిటర్ ఆఫీసులో మార్చి 31 నాటి డేటా కాపీ ఉంది, దాంతో ఏప్రిల్ 1 ఓపెనింగ్ బ్యాలెన్సులు దొరికాయి. గూగుల్ డ్రైవ్‌లోకి లాకైన ఫైళ్లే సింక్ అయ్యాయి గానీ, సర్వర్‌లో ఆ గూగుల్ ఖాతా లాగిన్ అయి లేదు కాబట్టి పాతవాటిని శాశ్వతంగా చెరపడం దాడి చేసినవాడి వల్ల కాలేదు. ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, పాత వెర్షన్లు 30 రోజులు లేదా 100 వెర్షన్ల వరకు ఉంటాయి. వెబ్‌లోంచి బిల్లుల పీడీఎఫ్‌లు వెనక్కి వచ్చాయి. సింక్ చేసే కంప్యూటర్ని ముందు ఆపాకే ఇది చేయాలి, లేకపోతే తెచ్చినవి మళ్లీ పోతాయి.

మిగిలింది దాదాపు ఐదు నెలల లావాదేవీలు. టర్నోవర్ 5 కోట్లు దాటిన సంస్థ కనుక బీ2బీ (వ్యాపారులకు చేసే) అమ్మకాలన్నిటికీ ఈ-ఇన్వాయిస్ ఉంది. జీఎస్‌టీ పోర్టల్లో గత 6 నెలల ఈ-ఇన్వాయిస్ జేసన్ ఫైళ్లు దింపుకోవచ్చు. నెలనెలా దాఖలు చేసే అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 కంటే ఇదే మేలు. జీఎస్‌టీఆర్-1లో ఇన్వాయిస్ విలువ, పన్ను రేటు ఉంటాయి, ఏ బిల్లులో ఏ బేరింగ్ ఎన్ని పోయాయో ఉండదు. జేసన్‌లో ఐటమ్ వారీగా ఉంటుంది. దాన్ని ఎక్సెల్‌లోకి మార్చి టాలీప్రైమ్‌లోకి ఇంపోర్ట్ చేశారు. ముందు ఒక డమ్మీ కంపెనీలో నెల డేటా వేసి చూడాలి. పార్టీ పేరులో ఒక చుక్కో ఖాళీయో తేడా ఉన్నా కొత్త లెడ్జర్ తయారై, ఒకే పార్టీ రెండు ఖాతాలుగా చీలిపోతుంది. జీఎస్‌టీ నంబరుని ఆధారంగా పెట్టుకుని పేర్లు ముందే సరిచేస్తే ఈ బాధ తప్పుతుంది. నెలనెలా పన్ను మొత్తాన్ని దాఖలు చేసిన జీఎస్‌టీఆర్-1తో పోల్చి, పైసలతో సహా సరిపోయాకే తర్వాతి నెలకి వెళ్లారు.

కొనుగోళ్లకు జీఎస్‌టీఆర్-2బీ. అమ్మినవాడు రిటర్న్ వేస్తేనే అందులోకి వస్తుంది, ఐటమ్ వివరం ఉండదు. అందుకని ప్రతి సప్లయర్ దగ్గరా లెడ్జర్ స్టేట్‌మెంటు, బిల్లు నకళ్లు అడగాల్సి వచ్చింది. వాట్సాప్‌లో ఎప్పుడో పంపిన ఫొటోలు కూడా పనికొచ్చాయి. బ్యాంకు ఎంట్రీలు స్టేట్‌మెంటు నుంచి తేలికగానే వచ్చాయి, యూపీఐలో ఎవరు ఏ బిల్లుకి కట్టారో తేల్చడం తప్ప. నగదు చివరికి మిగిల్చారు. కౌంటర్ అమ్మకాలకు ఈ-ఇన్వాయిస్ ఉండదు, పీడీఎఫ్ బిల్లులూ రోకడ్ (నగదు) పుస్తకమే ఆధారం. ఖర్చుల వోచర్లు కొన్ని దొరకలేదు, వాటిని సస్పెన్స్ ఖాతాలో ఉంచి ఆడిటర్‌కి రాతపూర్వకంగా చెప్పారు. స్టాక్‌ని రెండు ఆదివారాలు గోడౌన్లో చేత్తో లెక్కపెట్టారు. అన్నిటికంటే ముందు తెమల్చాల్సింది మాత్రం ఆగస్టు నెల అమ్మకాలు. సెప్టెంబరు 11కి జీఎస్‌టీఆర్-1, 20కి జీఎస్‌టీఆర్-3బీ దాఖలు చేయాలి, పన్ను ఆలస్యమైతే 18 శాతం వడ్డీ.

ఇప్పటి అమరిక

రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేశారు, యూపీఎన్‌పీ ఆపారు. లేకపోతే లోపలి పరికరమేదైనా అడక్కుండానే తలుపు తీస్తుంది. గోడౌన్ నుంచి వైర్‌గార్డ్ వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రైవేటు దారి) మీద వస్తారు. అది యూడీపీ 51820 మీద ఉంటుంది, సరైన తాళం లేని ప్యాకెట్‌కి బదులే ఇవ్వదు, కాబట్టి స్కానర్‌కి అక్కడ ఏదో ఉందనే తెలియదు. ఎవరి తాళం వాళ్లది, మనిషి ఉద్యోగం మానేసిన రోజే అది రద్దు. బయట నుంచి ఏమీ తెరిచి లేదని తేల్చుకోవడానికి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్న లాప్‌టాప్‌తో మొత్తం 65,535 పోర్టులూ స్కాన్ చేశారు. షాపు వైఫైలోంచి చేసే పరీక్షను నమ్మలేం.

సర్వర్ ఇప్పుడు లైసెన్సుతో ఉన్న విండోస్ సర్వర్, ర్యాపర్ లేదు. ప్రతి మనిషికీ వేరే యూజర్, ఎవరూ అడ్మిన్ కాదు. అడ్మిన్ ఖాతాకి రిమోట్ లాగిన్ లేదు. పది తప్పులకి పదిహేను నిమిషాల లాకౌట్. ఈ లాకౌట్‌ని ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న పోర్టు మీద పెడితే దాడి చేసేవాడే మీ సిబ్బందిని పనిచేయనివ్వకుండా బయట ఆపేయగలడు, ముందు పోర్టు మూయాలి. డిఫెండర్ మినహాయింపుల జాబితా ఖాళీ, డిఫెండర్‌ని ఎవరూ ఆపకుండా చూసే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్. అనుమతి లేని ప్రోగ్రాంలను ఫోల్డర్లలో రాయనివ్వని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ పెట్టిన రోజు టాలీ సేవ్ అవడం మానేసింది. టాలీని అనుమతించిన యాప్‌గా చేర్చాక సర్దుకుంది. సెక్యూరిటీ లాగు సైజు 1 జీబీకి పెంచారు. టాలీ డేటా ఫోల్డర్‌ని అందరికీ షేర్ చేసే పద్ధతి మాని టాలీప్రైమ్ సర్వర్ తీసుకున్నారు. అందులో యూజర్‌కి ఫైళ్లు నేరుగా కనబడవు.

బ్యాకప్ దిశ మారింది. ఇంతకుముందు సర్వరే వెళ్లి నాస్‌లో రాసేది. ఇప్పుడు వేరే చిన్న కంప్యూటర్ ఒకటి రాత్రి 9:30కి సర్వర్ నుంచి చదివే హక్కు మాత్రమే ఉన్న ఖాతాతో డేటాని లాక్కుంటుంది. సర్వర్‌కి దాని పాస్‌వర్డు తెలియదు, దానిమీద షేర్ ఏదీ లేదు. 9 గంటలకే సెషన్లన్నీ మూసేస్తారు, టాలీ తెరిచి ఉండగా తీసిన కాపీ తర్వాత తెరుచుకోకపోవచ్చు. 14 రోజువారీ, 8 వారపు, 12 నెలవారీ కాపీలు ఉంచుతారు. డేటా 3 జీబీ, మొత్తం 34 కాపీలకు 102 జీబీ, పాత 500 జీబీ డిస్క్‌లోనే సరిపోయింది. వారానికోసారి రెండు యూఎస్‌బీ డిస్కులు వంతులవారీగా ఈ కంప్యూటర్‌కే తగులుతాయి, ఒకటి ఎప్పుడూ యజమాని ఇంట్లో. నెలకోసారి ఒక కాపీని వేరే కంప్యూటర్లో తెరిచి ట్రయల్ బ్యాలెన్స్ మొత్తాలు, చివరి వోచర్ నంబరు సర్వర్‌తో పోల్చి, పోల్చినవాళ్లు రిజిస్టర్లో సంతకం పెడతారు.

గోడౌన్లో లేబుల్ ప్రింటర్‌కి తగిలిన కంప్యూటర్ ఒకటి మాత్రం ఇంకా విండోస్ 7 మీదే నడుస్తోంది. దానికి 2020 జనవరి 14నే సపోర్టు ఆగిపోయింది, ఆ ప్రింటర్‌కి కొత్త డ్రైవర్ లేదు. దానికి ఇంటర్నెట్ తీసేసి, విడి నెట్‌వర్క్‌గా ఉండే వేరే వీలాన్‌లో పెట్టి, సర్వర్‌కి దారి మూశారు. లేబుల్ జాబితాని రోజూ చేత్తో టైపు చేయాలని స్టోర్‌కీపర్ గొణుగుతున్నాడు. ప్రింటర్ మార్చేదాకా అది అలాగే ఉంటుంది.